మేడిపల్లి కాడ ఆపిండ్రు

29-9-2011. పొద్దటి సంది ముసురు. నీళ్లు పట్టి, బండి తుడిచిన.

నా బిడ్డ స్వర్ణలతకు పదిహేడేండ్లు. నెలల సంది తిండి లేదు, నిద్ర లేదు, గోడతోని మాట్లాడుతది. మనసు బాగలేని పిల్లలను ఉంచుకొని నయం చేసే దవాఖానల ఇయ్యాల చేర్పించాలె. తెలంగాణ సమ్మెకు బస్సులు బంద్. కోరుట్ల నుంచి జగిత్యాలకు బండి మీదనే బయలుదేరినం.

మేడిపల్లి కాడ రోడ్డుకు అడ్డంగ రాళ్లు పెట్టి, జెండాలు పట్టుకున్న పోరగాళ్లు ఆపిండ్రు.

"ఏడికి పోతున్నవే కాకా?"

"పెండ్లికి" అన్న.

"తెలంగాణ వచ్చినంక తిందువు తియ్యి పెండ్లి బువ్వ. వాపస్ పో!"

అందరు నవ్విండ్రు. నేను బండి మలిపిన. మలుపుతుంటే పానం తేలికైంది.

స్వర్ణ బండి దిగింది. "పెండ్లి కాదన్నా. నాకు మనసు బాగలేదు. దవాఖానల చేరుత. తొవ్వ ఇయ్యున్రి."

నవ్వులు ఆగినయ్. "ముందుగాల చెప్పద్దా చెల్లె" అనుకుంట రాళ్లు జరిపిండ్రు.

దవాఖానల డాక్టరమ్మ అడిగింది: "నిన్నెవరు తీసుకొచ్చిండ్రమ్మా?"

"మా బాపే."

"శానమంది దాచిపెడ్తరు. మీ బాపు మంచోడు."

"అవు మేడం" అన్నది స్వర్ణ. నా దిక్కు చూడలే.

ఇంటికొచ్చిన. బండికి బురద అంటింది. తుడుద్దామని గుడ్డ తీసుకొని, తుడువకుండనే పక్కకు పెట్టిన.