పేరెత్తని క్షమ

దేవుడు క్షమిస్తాడంటారు, సరే. ఎవరి తరఫున క్షమిస్తాడు? చచ్చినవాడి తరఫునా, బతికున్నవాళ్ల తరఫునా? తమ్ముడు పోయిన నాటి నుంచీ ఈ అనుమానం దర్జీ మనసులో బట్టలో విరిగిన సూదిముక్కలా ఉండిపోయింది. దేవుడికి దణ్ణం పెట్టుకోకుండా మిషన్ తొక్కని మనిషే. అయినా ఆ సంగతి ఎవరినీ అడిగే ధైర్యం లేదు, అడక్కుండా ఊరుకునే ఓపికా లేదు.

"మీ వెన్నపూస వచ్చాడు," అంది భార్య, కాజాలు కుడుతూ తలెత్తకుండానే.

వెన్నపూస ఆమె పెట్టిన పేరే. ప్రార్థన మందిరం తరఫున ఉరిశిక్షలు వద్దని గడప గడపా తిరిగే మనిషి అతను. మాట మెత్తన, నడక మెత్తన. ఎవరికో అరువిచ్చిన సైకిలు పంపు తెచ్చుకుంటానని ఇంట్లోంచి బయల్దేరిన దర్జీ తమ్ముణ్ణి దారిలో చంపాడని ఒక లారీ క్లీనరుకు ఉరిశిక్ష పడింది. చనిపోయినవాడి ఇంటి పెద్ద జైలు అధికారి ముందు నిలబడి, ప్రాణం తియ్యొద్దని నోటితో చెబితే ఉరి ఆగుతుందని అక్కడి చట్టం. గడువు ఆ సాయంత్రంతో సరి.

ఈ మెత్తనాయన మీద దర్జీకి మొదటి నుంచీ గురి కుదరలేదు. కూర్చోమంటే కూర్చోడు. పెదాలు ఎండిపోయి ఉన్నా, మంచినీళ్లిస్తే దాహం లేదంటాడు. గోడ మీద తమ్ముడి ఫొటో ఉంటే సరిగ్గా దానికి వీపు పెట్టి నిలబడతాడు. క్లీనరుకు చుట్టమై ఉంటాడని దర్జీ, కాదు వాడి వకీలు పంపిన మనిషని భార్య. ఆగలేక దర్జీ మందిరానికే వెళ్లి కూపీ లాగాడు. క్లీనరుకు ముసలి తల్లి తప్ప నా అన్నవాళ్లు లేరనీ, ఆవిడకు ఇన్నాళ్లుగా పూట గడుస్తున్నది ఈయన చలవ వల్లేననీ చెప్పారు వాళ్లు. దాంతో అనుమానం తగ్గకపోగా రెండింతలైంది. ఊరికే ఎవరు పెడతారు ఈ కాలంలో?

"అన్నయ్యా, ఒక్కసారి వచ్చి ఆ మాట..."

"ఆ పిలుపు మానెయ్యండి. నన్నలా పిలిచేవాడు ఒక్కడే. వాడు మట్టిలో ఉన్నాడు."

అతను తల దించుకున్నాడు.

"ఇవాళ తేలిపోవాలి. ఆ క్లీనరు మీకేమవుతాడు?"

"ఏమీ కాడు."

"ఏమీ కానివాడి కోసం ఇలా చెప్పులరగదీసుకునే మనిషిని నేను చూళ్లేదు. నాకు జ్వరమొస్తే కషాయం కాచడానికి కట్టుకున్న ఆవిడే సణుగుతుంది."

"వచ్చేది జ్వరమైతేగా. బద్ధకానికి కషాయం లేదు," అంది భార్య, దారం కొరుకుతూ.

అతను నవ్వలేదు. రోడ్డు పక్కన పడి ఉన్నవాణ్ణి లేపబోతే చొక్కాకు రక్తం అంటిందని క్లీనరు మొదటి రోజు నుంచీ ఒకే మాట మీదున్నాడని మరోసారి చెప్పాడు. కోర్టే నమ్మని కథ నేనెందుకు నమ్మాలన్నాడు దర్జీ. నమ్మనక్కర్లేదు అన్నాడతను. నమ్మి వదిలేస్తే అది న్యాయమట. నమ్మకపోయినా వదిలేస్తే అది క్షమట. మందిరంలో అలా చెబుతారట.

దర్జీ కత్తెర బల్ల మీద పెట్టాడు. ఇన్నేళ్లూ దాచుకున్నది అప్పుడు పైకొచ్చింది. "దెబ్బ తిన్నవాడు నా తమ్ముడు. వాడి తరఫున క్షమించడానికి నేనెవర్ని?"

అతను గోడకేసి తిరగబోయి, ఫొటో దాకా రాకుండానే చూపు వెనక్కి తిప్పుకున్నాడు.

జవాబు భార్య చెప్పింది. ఉరి తీస్తే మరిది లేచి రాడనీ, ఆ ముసలావిడ కూడా రేపటి నుంచీ తమలాగే ఒక ఫొటో తుడుచుకుంటూ కూర్చుంటుందనీ, ఇంటికో ఫొటో పెంచడం ఏ దేవుడికీ పుణ్యం కాదనీ అంది. "ఈయన్ని నేనింకా నమ్మను. కానీ మీరు వెళ్లి రండి."

దారిలో అతను మందిరం పద్ధతి చెప్పాడు. క్షమించేవాళ్లు అవతలివాడి పేరెత్తకూడదు. ఎత్తితే కోపం ఆ పేరు పట్టుకుని మళ్లీ ఇల్లు చేరుతుంది. అదీ నిజమేననిపించి, జైలు అధికారి ముందు దర్జీ అలాగే చెప్పాడు.

"నా తమ్ముణ్ణి చంపినవాణ్ణి నేను క్షమించాను. వాడి ప్రాణం తియ్యొద్దు."

ఆ మాట పూర్తవుతూనే వెన్నపూస గోడకు జారగిలబడి, చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు. క్లీనరు బతికినట్టేనని అధికారి చెప్పినా ఆ ఏడుపు ఆగలేదు. చుట్టమే, ఇంక సందేహం లేదనుకున్నాడు దర్జీ. మోసపోయినట్టనిపించినా ఎందుకో గుండె తేలికైంది.

బయట గేటు దగ్గర అతను తన సైకిలుకు వేలాడుతున్న సంచీ విప్పాడు.

"ఇందాక మీరు పేరు చెప్పలేదు కదూ?"

"చెప్పకూడదన్నది మీరేగా."

అతను సంచీలోంచి ఒక పాత సైకిలు పంపు తీసి దర్జీ చేతిలో పెట్టాడు. తుప్పు పట్టింది. పిడికి మాత్రం నీలం గుడ్డ తొడుగు అలాగే ఉంది. చెయ్యి జారుతోందని తమ్ముడు గొడవ చేస్తే తన చేత్తో కుట్టిచ్చిన తొడుగు. ఆ కుట్టు మీద దర్జీ వేలు ఆగిపోయింది.

"ఇది అరువు తీసుకుంది నేనే," అన్నాడతను. "ఆ సాయంత్రం రోడ్డు మీద ఆపి, తిరిగిస్తావా ఇవ్వవా అని మీ తమ్ముడు కాలరు పట్టుకుంది కూడా నాదే, అన్నయ్యా."