పదకొండు గంటల ఎండ

“ఎనిమిది” అంది డాక్టరమ్మ, రక్తపరీక్ష కాగితం మీద వేలు పెట్టి. “విటమిన్ డి ముప్పై అయినా ఉండాలి. ఈ పిల్ల ఎండలోకి వచ్చి ఎన్నాళ్లయింది?”

అభిరామి కూతురి వైపు చూసింది. కార్తీక కుర్చీలో ముడుచుకుపోయి, చున్నీని ఉండచుట్టి పొత్తికడుపుకు అదిమి పెట్టుకుంది. నెలసరి రెండో రోజు. ప్రతి నెలా ఇంతే. వాంతులు, మెలికలు, వీధి చివరిదాకా వినపడే అరుపులు.

“వయసుకొచ్చినంక ఎండలోకి పంపేది లేదు డాక్టర్. నల్లబడుతుందని మా అత్త ఒప్పుకోదు.”

“విటమిన్ డి తక్కువైతే కొందరికి ఈ నొప్పి ఎక్కువగా ఉంటుంది. వారానికొక మాత్ర, రోజూ పదకొండు గంటలకు అరగంట ఎండ. అందరికీ తగ్గుతుందని చెప్పలేను. మూడు నెలలకూ తగ్గకపోతే తీసుకురండి. స్కాన్ చేసి లోపల ఏముందో చూడాలి.”

కారమడైలో ఇంటి గడప దాటారో లేదో అవ్వ చిన్నమ్మాళ్ తీర్పు చెప్పేసింది.

“ఎండా వద్దు, మాత్రా వద్దు. కల్యాణం చేస్తే అంతా సరిపోతుంది. నన్ను చూడండి. అమ్మింట్లో ఉన్నప్పుడు నేనూ ఇట్లనే పొర్లాడి అరుస్తా ఉంటిని. కల్యాణమై ఈ ఇంటికి వచ్చినంక ఒక దినమైనా పడుకొంటినా? ఆ మూడు దినాలూ తోటలో ఆయిల్ ఇంజన్ కాడనే ఉండి నీళ్లు కడితిని. మా అత్త ఊరంతా చెప్పుకొనె.”

ఆ ఇంట్లో ఈ కథ వినని వాళ్లు లేరు, అనుమానించిన వాళ్లూ లేరు. తరతరాలుగా ఎండలో దున్ని బతికిన కుటుంబం. కార్తీక తండ్రి పొన్నుసామి మోటార్ల రిపేరు కొట్టు పెట్టి నీడపట్టుకు చేరాక, ఎండంటే అదేదో అంటురోగమన్నట్టు మాట్లాడటం నేర్చుకున్నారు.

“ఆవణి నెలకు దీనికి పద్దెనిమిది నిండుతుంది” అన్నాడు పొన్నుసామి. “మేట్టుపాళయం వక్కల వ్యాపారి వాళ్లు పిల్లను అడుగుతా ఉండారు.”

“నాయనా, నేను వ్యవసాయ కాలేజీలో చేరాల.”

“నెలనెలా పొర్లాడే దానివి, హాస్టల్లో ఎవురు చూస్తారు నిన్ను?” కోపం కాదు, భయంతోనే అన్నాడు. కాసేపు తల గోక్కుని, “సరి. డాక్టరు చెప్పినట్టు మూడు నెలలు చూస్తాము. తగ్గితే కాలేజీ. లేదంటే కల్యాణం” అని తేల్చేశాడు.

ప్లస్ టూ పరీక్షలు అయిపోయాయి. కార్తీక ఒక్క ఆదివారం కూడా మాత్ర మరవలేదు. పదకొండు కొట్టగానే మేడ ఎక్కేది. ఎండలో ఊరికే నిలబడటం ఎందుకని పాత తొట్లలో మిరప నాటింది. వాటి నీళ్ల కోసం మెట్ల కింద మోటారు వేసుకుని మరీ పైకి పోయేది. ఆ మోటారు పొన్నుసామి మూడుసార్లు రాగితీగ మార్చి చుట్టిన పాత సరుకు. వేస్తే వంటింట్లో గిన్నెలు అదిరేవి, అవ్వకు సీరియల్ వినపడేది కాదు.

“మిరపకు అంత నీళ్లేమిటికే?” అని అవ్వ సణిగేది.

మొదటి నెల అరుపులు మామూలే. రెండో నెల ఇంట్లో ఒక్క కేక వినపడలేదు. రెండో రోజు కూడా పిల్ల మేడ మీద తొట్ల దగ్గరే ఉండి, మధ్యాహ్నం మొహం కడుక్కుని దిగివచ్చింది. “తగ్గిందమ్మా” అంది. అభిరామి సంతోషం పట్టలేక ఏడ్చేసింది. మూడో నెలా అంతే.

రక్తపరీక్ష మళ్లీ చేయించారు. ముప్పై నాలుగు!

“బాగా పెరిగింది. నొప్పి?” అంది డాక్టరమ్మ.

“లేదు డాక్టర్.”

“అయితే స్కాన్ అక్కర్లేదు.”

పొన్నుసామి ఆ సాయంత్రమే మేట్టుపాళయానికి ఫోన్ చేసి సంబంధం వద్దని చెప్పేశాడు. కాలేజీలో సీటు వచ్చింది. “చూస్తివా అమ్మా, కల్యాణం లేకుండానే తగ్గె!” అని తల్లిని ఆటపట్టించాడు. చిన్నమ్మాళ్ మనవరాలి నల్లబడిన మొహం వంకే చూస్తూ ఉండిపోయింది.

హాస్టల్‌కు బయలుదేరడానికి రెండు రోజుల ముందు, మోటారు గంటకు పైగా ఆగలేదు. అవ్వ మోకాళ్లు పట్టుకుని ఒక్కో మెట్టే ఎక్కింది.

మిరప తొట్లు పొర్లి నీళ్లు కాలువ కట్టాయి. నీళ్ల ట్యాంకు వెనక, కాలుతున్న నేల మీద కార్తీక మెలికలు తిరుగుతోంది. నోటి నిండా చున్నీ కుక్కుకుంది. మోచేతులు కమిలి బొబ్బలెక్కాయి.

అవ్వను చూసి చున్నీ లాగేసింది. “నాయనకు చెప్పొద్దవ్వా. దండం పెడతా.”

“ఎన్ని నెలలుగా?”

“తగ్గనే లేదవ్వా. ఇంకా ఎక్కువైంది. స్కాన్‌కు పోతే తెలిసిపోతుంది. కాలేజీ మాన్పిస్తారు.”

చిన్నమ్మాళ్ నేల మీద కూలబడింది. పిల్ల తలను ఒడిలోకి తీసుకుని, ఎండ పడకుండా కొంగు అడ్డం పట్టింది.

“నీకు కల్యాణంతో తగ్గె” అంది కార్తీక వెక్కుతూ. “నాకూ తగ్గుతుందేమో. కాని నాకొద్దవ్వా.”

కింద మెట్ల దగ్గర నుంచి పొన్నుసామి కేకేశాడు. “నీళ్లు వీధిలో పారతా ఉండాయి! మోటారు ఆపేదా?”

“ఆపొద్దు రా! ఉండనీ!” అని చిన్నమ్మాళ్ గొంతు చించుకుని అరిచింది. తరువాత మనవరాలి చెవి దగ్గరికి వంగింది.

“ఇంజన్ చప్పుడు కోసమే తల్లీ, నేను తోటకు పోయింది.”