మూడంతస్తుల మర్యాద

"పాడైన కుళాయి ఏదండీ పిన్నిగారూ?" అంటూ ప్లంబరు తాతబ్బాయి కొత్త పనిముట్ల పెట్టెను గుమ్మంలో నిలబెట్టాడు. ఒకదానిపై ఒకటి బిగిసే మూడు పెట్టెలు, అడుగున చక్రాలు. అమలాపురంలో నాలుగు కొట్లు తిరిగి ఎంచుకున్నాడు.

సువర్ణగారు కళ్లజోడు సవరించుకున్నారు. "మూడంతస్తులు లేపేవే! మేడమీద ఎవరిని అద్దెకి పెట్టేవు?"

"పనిముట్లకేనండి!"

"ఇంత సరంజామా తెచ్చేవంటే మా కుళాయికి పెద్ద ఆపరేషనే. వద్దులే నాయనా! గోనెసంచితో వచ్చేవాణ్ణి పిలుస్తాను, వాషరు మార్చి పోతాడు."

పదేళ్లుగా పిలుస్తున్న ఇల్లు చేజారేలా ఉంది. తాతబ్బాయి గబగబా క్లిప్పులు విప్పాడు. పై పెట్టె ఖాళీ. నడిమిదీ ఖాళీయే. అడుగు పెట్టెలో పాత గోనెసంచి, దాన్నిండా సామాను.

"ఆయ్, పనికి గోనెసంచేనండి. పెట్టె మర్యాదకండి!"

ఆవిడ అడ్డు తప్పుకున్నారు. "అయితే మర్యాదని బయట ఉంచి, నువ్వు లోపలికి రా."