పుస్తెల నీడ

క్యాన్సర్‌ని కనిపెట్టే అద్దాలు ఇంటింటా వచ్చేశాయి. ముందు నిలబడి తల దువ్వుకుంటే చాలు, ఒంటి లోపలిదంతా చూపించేవి. శిరీష మాత్రం పుస్తెలు తీయనంది. వాటి చోట గుండెల మీద నల్లటి నీడ పడేది.

"బంగారం తీసి నిలబడండి," అని అద్దం రోజూ అడిగేది.

"అయి పుస్తెలే, ఊరుకో," అంటూ ఆమె భర్త వీరబాబు రోజూ దాని నోరు మూయించేవాడు.

తనకు పట్టుకున్న దగ్గు ఎంతకీ తగ్గకపోయేసరికి శిరీష ఒప్పుకుంది. ముందు మెడలో పసుపుకొమ్ము కట్టించుకుంది. ఆ తర్వాతే పుస్తెలు తీసి అతని చేతిలో పెట్టి, అద్దం ముందు కళ్లు మూసుకుని నిలబడింది.

"నీడ పోయిందాండీ?"

వీరబాబు అద్దంలోకి చూశాడు. మెల్లగా గుప్పిట విప్పి చూసుకున్నాడు.

పుస్తెలు అందులోనే ఉన్నాయి.