ఆ స్థలం మాదే

వ్యాను అద్దానికి అంటించిన జరిమానా కాగితాన్ని వడ్రంగి తెచ్చి ఇంటాయన చేతిలో పెట్టాడు.

"మీరు పెట్టమన్న చోటే పెట్టాను సార్. ఇది నా నెత్తిన రుద్దితే ఎలా?"

"రోడ్డు మీద చక్రాల కుర్చీ బొమ్మ అంత పెద్దది గీసి ఉంది. కళ్లు నెత్తికెక్కాయా?"

"చూశాను కాబట్టే అడిగాను. ఆ స్థలం మాదేలే, పెట్టుకో అన్నారు."

మున్సిపల్ ఆఫీసు చుట్టూ నెలల తరబడి తిరిగి ఆ బొమ్మ గీయించింది ఇంటాయనే. అక్కడ పరాయి బండి కనబడితే ఫోను చేసి జరిమానా వేయించిందీ ఆయనే.

వడ్రంగి గొంతు తగ్గించాడు. "పోనీ, ఆఫీసుకు ఫోను చేసి ఉన్నమాట చెప్పేయండి. ఆ స్థలంతో మాకిక పని లేదు, బొమ్మ చెరిపేయండి అనండి. జాలిపడి జరిమానా కొట్టేస్తారు. మీకూ నాకూ గొడవ తప్పుతుంది."

ఆ నంబరు ఆయనకు కంఠతా వచ్చు. సగం నొక్కాక వేలు ఆగిపోయింది.

"నేనే కట్టేస్తానులే, మేస్త్రీ."

వడ్రంగి గుమ్మం వైపు నడిచాడు. ఇంటావిడ చక్రాల కుర్చీ మెట్లు దిగడానికి ఒకప్పుడు తానే బిగించి, ఈ ఉదయం తానే ఊడదీసిన వాలుపలకలను భుజానికెత్తుకున్నాడు.

"అవి ఉండనీ," అన్నాడు ఇంటాయన. "రేపొచ్చి తీసుకెళ్దువుగాని. బండి మాత్రం వీధి చివర పెట్టు."