కండువా ఏ రంగు?

సుభానీ మైకు గొట్టానికి రెండు సొట్టలున్నాయి.

ఒకటి వెంకట్రామయ్య వర్గం రాయి. ఇంకొకటి ఆంజనేయులు వర్గం రాయి.

రెండూ వాళ్ళల్లో వాళ్ళు కొట్టుకోబోతే తగిలినవే. సుభానీ మీద ఎవరికీ కోపం లేదు. గురజాలలో మీటింగు ఎవరిదైనా మైకు అతనిదే.

ఎనభై అయిదు వేసవి. ఓ శుక్రవారం పొద్దున బావమరిది సర్దార్ నరసరావుపేట నుంచి దిగాడు. అతనిది షామియానాల వ్యాపారం.

"బావా, చూడు. నీ పేరు అచ్చేశారు."

గులాబీ రంగు కరపత్రం. జిల్లా మైకుసెట్లు, షామియానాల యజమానుల మొదటి మహాసభ. ఆదివారం, గుంటూరు. కింద చిన్న అక్షరాల్లో, 'గురజాల శాఖ కార్యదర్శి షేక్ సుభానీ'.

సుభానీ ఆ లైను మీద వేలు పెట్టి ఉంచాడు. తన పెళ్ళి పత్రికలో తప్ప పేరు అచ్చులో చూసుకోలేదు.

"ఆదివారమేనా?"

"ఆదివారమే. ఏం?"

ఆ ఆదివారమే బెజవాడలో టీవీ రిపేరు క్లాసులు మొదలు. వారం రోజులు. పేటలో రేడియో షాపు ప్రభాకరరావు గారు చెప్పి సీటు ఇప్పించారు. మొదటి రోజు రాకపోతే ఇంకొకరికి ఇచ్చేస్తారు.

ఊళ్ళోకి టీవీలు వస్తున్నాయి. సుభానీ షాపులో రేడియోలు బాగుచేయించుకునే వాళ్ళు తగ్గిపోయారు. టీవీ వెనక మూత తీస్తే కరెంటు కొట్టి చస్తారని సుభానీ వినడమే గానీ, తీసి చూసింది లేదు.

"క్లాసులు మళ్ళీ పెడతార్లే బావా. పదవి మళ్ళీ రాదు," అన్నాడు సర్దార్.

సుభానీ భార్య షాహిదా టీ గ్లాసులు తెచ్చింది.

"కార్యదర్శంటే ఏం చెయ్యాలంట?"

"స్టేజీ మీద సన్మానం చేస్తారక్కా. బావ నలుగురికీ తెలుస్తాడు."

"ఈ ఊళ్ళో మైకు ఈయనదొక్కటే. ఇంకా ఎవురికి తెలియాల?"

"నీకు తెలవదులే అక్కా."

"అవున్రా. చేతికి పని రాకపోయినా మెడలో దండ పడాల. అది నాకు తెలవదు."

సుభానీ లేచి కరపత్రం జేబులో పెట్టుకున్నాడు. తెల్ల లాల్చీ ఇస్త్రీకి ఇచ్చి వచ్చాడు.

శనివారం సాయంత్రం షాపు ముందు వెంకట్రామయ్య బుల్లెట్ ఆగింది.

"ఏరా సుభానీ, కార్యదర్శివయ్యావంటగా! రేపు మన లారీలోనే పోదాం."

"మైకులోళ్ళ సభకి మీరెందుకు బాబాయ్?"

"ముఖ్య అతిథి ఎవురనుకున్నావు? మన పార్టీవోడే. జనం కావాలన్నాడు, లారీ నిండా ఎక్కిస్తన్నా. స్టేజీ మీద నీకు కండువా కప్పిస్తా."

"శాలువా కాదా బాబాయ్?"

"శాలువా పంతుళ్ళకిరా. నీకు కండువానే."

సుభానీ చేతిలో స్క్రూడ్రైవర్ ఆగింది.

"ఏ రంగు బాబాయ్?"

వెంకట్రామయ్య పగలబడి నవ్వాడు.

"ఏందిరా ఆ అడగటం? మనకెన్ని రంగులున్నయ్!"

ఆ కండువా మెడలో పడితే ఊళ్ళో సగం గుమ్మాలు మూసుకుంటాయి. నెలాఖరున ఆంజనేయులు కూతురి పెళ్ళి ఉంది. మైకు సుభానీకే చెప్పారు. ఇక ఆ పెళ్ళీ ఉండదు, ఆ తర్వాతవీ ఉండవు. రాళ్ళు కూడా ఈసారి గురి చూసుకుని వస్తాయి.

రానంటే ఇటు సగం మూసుకుంటాయి.

వెనక ఇంటి గుమ్మానికున్న తెర కదిలింది. షాహిదా వింటోంది.

సుభానీ గొంతు సవరించుకున్నాడు.

"మీ టీవీ ఎట్టా ఉంది బాబాయ్?"

"యాడ! చుక్కలే చుక్కలు. గుంటూరు మెకానిక్కు ఇదుగో వస్తా అదుగో వస్తా అంటన్నాడు. ఇంట్లో మీ పిన్ని నన్ను తినేస్తంది."

"ఆంజనేయులు బాబాయ్ ఇంట్లో బొమ్మ బాగా పడతందంట."

అది నిజమో కాదో సుభానీకి తెలియదు.

వెంకట్రామయ్య నవ్వు ఆగిపోయింది.

"ఎవురు చెప్పార్రా?"

"బజార్లో అనుకుంటన్నారు. రేపు బెజవాడలో టీవీ క్లాసులు మొదలు బాబాయ్. నేర్చుకునొస్తే మీది నేనే చేద్దును. సభకొస్తే ఆ సీటు పోద్ది."

వెంకట్రామయ్య బండి స్టార్ట్ చేయబోయి ఆగాడు.

"వాడి దాంట్లో మనుషులు ఆనవాలు పడతన్నారా?"

"మీసాలతో సహా అంట బాబాయ్."

వెంకట్రామయ్య తన మీసం మీద చెయ్యి వేసుకున్నాడు.

"బెజవాడకి మొదటి బస్సు ఎన్నింటికి?"

"తెల్లారకముందే."

"దానికే పో. కండువాదేముంది, ఎవుడో ఒకడికి కప్పుతాం."

బుల్లెట్ మలుపు తిరిగేదాకా సుభానీ కదల్లేదు.

షాహిదా తెర పక్కకి లాగింది. కొంగు నోట్లో కుక్కుకుని నవ్వుతోంది.

"నీకిన్ని మాటలొచ్చని నాకు తెలవదయ్యా."

"నాకూ తెలవదే," అన్నాడు సుభానీ, చెమట తుడుచుకుంటూ.

ఆదివారం, మొదటి బస్సు. కిటికీ పక్కన సీటు దొరికింది.

బస్టాండు ముందు నుంచి జెండాలు కట్టిన లారీ కేకలేసుకుంటూ పోయింది. అది పోయేదాకా సుభానీ తల వంచుకుని చెప్పులు చూసుకున్నాడు.

తల ఎత్తేసరికి కిటికీ అవతల ఆంజనేయులు నిలబడి ఉన్నాడు.

"నువ్వా లారీలో లేవా?"

"లేదు బాబాయ్. టీవీ పని నేర్చుకుందామని, బెజవాడ."

"సభకి పోవట్లా?"

"పోవట్లా."

ఆంజనేయులు అతని మెడ వంకే కాసేపు చూశాడు. తర్వాత వెనక సీటులో కూర్చున్న తన మనిషిని కేకేశాడు.

"పుల్లయ్యా, దిగరా. పెళ్ళికి పిడుగురాళ్ళ మైకు అక్కర్లేదు."

పుల్లయ్య సంచీ చంకన పెట్టుకుని దిగిపోయాడు.

బస్సు కదిలింది. సుభానీ కిటికీ రెక్క పూర్తిగా పైకెత్తి, గాలికి మొహం పెట్టాడు.