ఎత్తు కుర్చీ

కుర్చీ కాలు దానంతటది విరగలేదు. ఎవరో రంపంతో ముప్పాతిక దాకా కోసి, కోత కనపడకుండా మైనం పూశారు.

హైమావతి ఆ ముక్కని చీరకొంగులో మూటగట్టి, కొలకలూరులో బస్సెక్కి తెనాలి ఆసుపత్రికి చేరింది. మంచం మీద ఆవిడ భర్త పాండురంగారావు మూలుగుతున్నాడు. డెబ్భై నాలుగేళ్ళ మనిషి. రెండేళ్ళ కిందట, 2005లో, తుంటి మార్పించుకున్నాడు. నిన్న సాయంత్రం చదరంగం ఆడబోతూ కుర్చీతో సహా కూలబడ్డాడు.

"లోపల వేసిన రాడ్డు బానే ఉందమ్మా. దాని చుట్టూ తొడ ఎముక విరిగింది. ఈ వయసులో చిన్న దెబ్బ చాలు. ప్లేటు వేసి, తీగలు చుట్టి బిగించాలి" అన్నాడు డాక్టరు.

"చిన్న దెబ్బ కాదండి, హత్యాప్రయత్నం!" అంది హైమావతి. రోజుకి నాలుగు సీరియళ్ళు చూసే మనిషి మరి.

హెడ్‌కానిస్టేబుల్ జార్జి వచ్చాడు. "ఎవరి మీదమ్మా అనుమానం?"

"ఇంకెవరండి, జాన్ సైదా! వడ్రంగి. ఈయన స్నేహితుడే. రోజూ చదరంగానికి మా ఇంటికొచ్చి ఆ కుర్చీలో తనే కూర్చునేవాడు. నిన్న మాత్రం 'బావా, నీ పేముకుర్చీ కుంగిపోయింది. తుంటి ఆపరేషనైనోడివి, అంత కిందికి కూర్చోకూడదు. ఈ ఎత్తు కుర్చీలో కూర్చో' అని పట్టుబట్టాడు. ఈయన వద్దు మొర్రో అంటున్నా వినకుండా, భుజాలు పట్టి కూలేశాడు!"

ఆవిడ కొంగు ముడి విప్పి, విరిగిన కాలుని జార్జి చేతిలో పెట్టింది. ముప్పై ఏళ్ళ స్నేహం ఇలా తెల్లారిందా!

అంతలో జాన్ సైదా బత్తాయిల సంచీతో గుమ్మంలోకి వచ్చాడు. జార్జి కుర్చీ కాలు అతని ముక్కు కింద పెట్టాడు.

"ఏంటయ్యా, ఈ కోత నీదేనా?"

జాన్ సైదా దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి మొహం చిట్లించాడు. "నేను కోస్తే ఇంత వంకరగా ఉంటదా సార్?"

"ఆ మాట స్టేషన్లో చెబుదువుగాని, పద!"

"ఎంత నమ్మాం అన్నయ్యా నిన్ను!" హైమావతి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"చెల్లెమ్మా, బావకి తుంటి నెప్పి అని కూర్చోమన్నానే గానీ..." జాన్ సైదా చేతిలో సంచీ జారిపోయింది. బత్తాయిలు నేల మీద దొర్లాయి.

పాండురంగారావు దుప్పటి గడ్డం దాకా లాక్కున్నాడు. పెళ్ళాం వైపు చూడకుండా, నెమ్మదిగా దగ్గాడు.

"వాణ్ణి వదిలెయ్యండి సార్. మూడు నెల్లుగా నన్నొక్క ఆటా గెలవనివ్వలేదు. వెల్లకిలా పడితే చూసి నవ్వుదామని, వాడి కోసం ఆ కాలు కోసింది నేనే!"